ఎవరూ గెలవనక్కర్లేని పోటీ

గత ఇరవై ఏళ్లలో ఆంధ్రలోనో తెలంగాణలోనో ఇంజనీరింగ్ చదివినవారికి ‘జామ్’ అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు ల్యాబులో లెక్చరర్ ఒక చీటీ తీయమంటారు, ఆ చీటీలో ఉన్న విషయం గురించి ఒక నిమిషం పాటు ఆగకుండా ఇంగ్లీషులో మాట్లాడాలి. క్యాంపస్ ఇంటర్వ్యూలకు వచ్చే కంపెనీలు కూడా దీన్నే ఒక వడపోతగా వాడుకుంటాయి. గుంటూరు దగ్గరి ఒక కాలేజీలో పన్నెండేళ్లుగా నేను ఆ ల్యాబు నడుపుతున్నాను. జామ్ అనేది ‘జస్ట్ ఎ మినిట్’ అనే మాటకు పొట్టిపేరని నాకు మొదటి నుంచీ తెలుసు. కానీ అది బ్రిటన్‌లో 1967 డిసెంబరు నుంచి బీబీసీ రేడియోలో నడుస్తున్న హాస్య కార్యక్రమమని, అక్కడ ఆ నిమిషం కోసం జనం ఎదురుచూసి మరీ నవ్వుకుంటారని తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

లెస్టర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా పిన్ని కొడుకు సెలవులకు వచ్చినప్పుడు ఒక సాయంత్రం, అమ్మ వంటింట్లో గారెలు వేస్తుండగా, తన ఫోన్‌లో ఒక పాత భాగం పెట్టాడు. “అన్నయ్యా, నువ్వు పిల్లల చేత చేయించేది ఇదే కదా, విను,” అన్నాడు. ముందుగా షోపాన్ పియానో బాణీ ఒకటి వడివడిగా వినిపించింది, ఆ తర్వాత ఆటకు అధ్యక్షుడైన నికొలస్ పార్సన్స్ అనే పెద్దాయన ఎంతో మర్యాదగా నియమాలు చెప్పాడు. ఇచ్చిన విషయం మీద తడబడకుండా, చెప్పిన మాట మళ్లీ చెప్పకుండా, విషయం వదిలి పక్కకు పోకుండా అరవై సెకన్లు మాట్లాడాలి. మిగిలిన ముగ్గురు ఆటగాళ్లలో ఎవరికి తప్పు దొరికినా బజర్ నొక్కవచ్చు. ఆ అభ్యంతరం సరైనదని అధ్యక్షుడు ఒప్పుకుంటే నొక్కినవారికి ఒక పాయింటు వస్తుంది, మిగిలిన సెకన్లు మాట్లాడే హక్కూ వారిదే అవుతుంది. ఒకాయన మొదలుపెట్టాడు, పది సెకన్లు దాటాయో లేదో బజర్ మోగింది. ఏకవచనంలో అన్న మాటను బహువచనంలో అంటే అది పునరుక్తి అవుతుందా కాదా అన్న తగవు మొదలైంది. ఆ ఒక్క నిమిషం పూర్తయ్యేసరికి నాలుగైదు నిమిషాలు గడిచాయి. నా ల్యాబులో మాత్రం ఆ నిమిషం కచ్చితంగా అరవై సెకన్లకే ముగిసేది, అందులో సగం మౌనంలోనే గడిచేది.

ఆ రాత్రి నుంచి ఎనిమిదేళ్లుగా ఈ రకం కార్యక్రమాలను వింటూ, చూస్తూ, వాటి గురించి ఆలోచిస్తూ ఉన్నాను. క్విజ్ అనగానే మనకు గుర్తొచ్చేది జవాబు. తెలిసినవాడు గెలుస్తాడు, తెలియనివాడు తలవంచుకుని కూర్చుంటాడు. బ్రిటన్‌లో ప్యానెల్ షో అని పిలిచే కార్యక్రమాల్లోనూ ప్రశ్నలుంటాయి, పాయింట్లుంటాయి, చివర్లో ఎవరికెన్ని వచ్చాయో చదివి వినిపిస్తారు కూడా. అయితే ఆ అంకెలను మరునాటి దాకా గుర్తుపెట్టుకునే శ్రోత ఉంటాడని నేను అనుకోను. నలుగురైదుగురు మాటకారులను ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల మాటకు ఒక గట్టు కట్టి, ఆ గట్టును ఒరుసుకుంటూ ప్రవాహం ఎటు తిరుగుతుందో చూపించడమే అక్కడ ప్రశ్నకున్న పని. జోకులు ఎక్కడైనా దొరుకుతాయి. ఒకరి మాటను ఇంకొకరు అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని వినడం మాత్రం టీవీలోనూ రేడియోలోనూ చాలా అరుదుగా దొరుకుతుంది. ఈ కార్యక్రమాల్లో మంచివాటి నియమాలన్నీ ఆ వినడాన్ని తప్పనిసరి చేయడానికి పుట్టినవేనని, వాటి ఆకర్షణ అంతా అక్కడే ఉందని నా నమ్మకం.

జస్ట్ ఎ మినిట్‌నే తీసుకోండి. దీన్ని కనిపెట్టిన ఇయన్ మెసిటర్ బడిలో ఉండగా ఒకరోజు పరధ్యానంగా కూర్చుంటే, మాస్టారు అతన్ని లేపి, అంతవరకూ తాను చెప్పినదాన్ని తడబడకుండా, చెప్పిందే చెప్పకుండా ఒక నిమిషంలో అప్పజెప్పమన్నారట. వినని పిల్లవాడికి వేసిన శిక్ష, వినకపోతే ఆడలేని ఆటగా మారింది. ఎదుటివాడి నోట ఇరవై సెకన్ల క్రితం దొర్లిన ఒక చిన్న మాట మళ్లీ దొర్లిందని పట్టుకోవాలంటే ప్రతి మాటనూ పోగు చేసుకుంటూ వినాలి. మాట్లాడేవాడికీ అంతే. మామూలుగా మనం వాడే సులువైన మాటలన్నీ మొదటి పది సెకన్లలోనే ఖర్చయిపోతాయి, ఆ తర్వాత ప్రతి వాక్యానికీ కొత్త మాట వెతుక్కోవాలి. అలా వెతుక్కుంటున్న మనసు మనకు వినిపిస్తూనే ఉంటుంది. ‘ఇల్లు’ అని ఒకసారి అనేసినవాడు రెండోసారి ‘నేను తల దాచుకునే చోటు’ అంటాడు, మూడోసారి ఇంకేదో అంటాడు, ఆ తిప్పలోంచే ముందుగా ఎవరూ రాసిపెట్టని హాస్యం పుడుతుంది.

తెలుగువాళ్లకు ఇది అంత కొత్త సంగతేమీ కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతూ ఉంటే ఆ అడ్డంకిలోంచే అవధాని పద్యం మలుపు తిరుగుతుంది, అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన మధ్యలో ఏదో చొప్పదంటు ప్రశ్న వేసి సభను నవ్విస్తాడు. ఆ రెండింటినీ ఒకే కుర్చీలో కూర్చోబెడితే జస్ట్ ఎ మినిట్ బజర్ అవుతుంది. పునరుక్తిని దోషంగా లెక్కపెట్టిన సాహిత్యం మనది కాబట్టి, ఆ దోషం చుట్టూ యాభై ఏళ్లకు పైగా ఒక వినోదం నడిచిందంటే నాకు ఆశ్చర్యం కన్నా ఆత్మీయతే ఎక్కువ కలిగింది.

పార్సన్స్ మొదటి భాగం నుంచి 2019 దాకా ఆ అధ్యక్ష స్థానంలో ఉన్నాడు, 2020 జనవరిలో మరణించాడు. ఇప్పుడు ఆ స్థానంలో సూ పెర్కిన్స్ ఉంది. పాత ఆటగాళ్లలో కెనెత్ విలియమ్స్ గొంతు ఒకసారి వింటే మరిచిపోలేము. ముక్కుతో సాగదీసి, ఉన్నట్టుండి అరిచి, తనకు అన్యాయం జరిగిందని అధ్యక్షుడి మీద విరుచుకుపడేవాడు. గ్రేట్ పోర్ట్‌లండ్ స్ట్రీట్ నుంచి ఇంత దూరం వచ్చాను తెలుసా అని అతను వాపోతే సభంతా పగలబడి నవ్వేది, ఎందుకంటే ఆ వీధి బీబీసీ భవనానికి పక్కనే ఉంది. ఆ కోపం ఆటలో భాగమని అందరికీ తెలుసు. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది బజర్ మోగిన సందర్భాల కన్నా మోగని సందర్భాలే. కొత్తగా వచ్చిన ఒకరు తడబడుతూ మొదలుపెట్టి, ఎలాగో నలభై సెకన్లు దాటించారనుకోండి. తప్పు దొర్లిన సంగతి పక్కనున్న ఉద్దండులకు తెలుస్తుంది, అయినా బజర్ మీద ఉన్న వేలు కదలదు. ఈల మోగుతుంది, నిమిషం పూర్తవుతుంది, అప్పటిదాకా పోటీదారులైనవారే ముందుగా చప్పట్లు కొడతారు. పాయింటు కన్నా ఎదుటివాడి నిమిషం విలువైనదని అందరూ కలిసి అనుకున్న ఆ క్షణం కోసం నేను గంటల తరబడి విన్నాను.

నియమాలను ఇంతగా ప్రేమించే ఈ సంప్రదాయంలోనే నియమాలే లేని ఆట కూడా ఒకటుంది. ‘ఐయామ్ సారీ ఐ హావెంట్ ఎ క్లూ’ అనే రేడియో కార్యక్రమం 1972లో మొదలైంది, ప్యానెల్ ఆటలకు విరుగుడు అని తనను తాను పరిచయం చేసుకుంటుంది. జాజ్ వాయిద్యకారుడు హంఫ్రీ లిటిల్టన్ 2008లో మరణించేదాకా దానికి అధ్యక్షుడు. అందులో మార్నింగ్టన్ క్రెసెంట్ అనే ఆట ఆడతారు. అది లండన్ భూగర్భ రైలు మార్గంలో ఒక చిన్న స్టేషన్ పేరు. ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఏదో వీధి పేరో స్టేషన్ పేరో చెబుతూ పోతారు, మార్నింగ్టన్ క్రెసెంట్ అని ముందుగా అన్నవారు గెలిచినట్టు. ఎత్తులకూ పైఎత్తులకూ పేర్లున్నాయి, పాత పోటీల ప్రస్తావనలున్నాయి, ఫలానా ఎత్తు ఈ సందర్భంలో చెల్లదని తగవులున్నాయి, అసలు నియమాలు మాత్రం లేవు. లేవన్న సంగతిని ఎవరూ ఒప్పుకోరు. రాజుగారి దేవతావస్త్రాల కథలో జనం భయపడి నోరు మూసుకుంటారు. ఇక్కడ ఆటగాళ్లు, శ్రోతలు అందరూ ప్రేమతో ఒక లేని వస్త్రాన్ని కలిసి నేస్తూ ఉంటారు. 1992లో మూతపడిన ఆ స్టేషన్‌ను 1998లో మళ్లీ తెరిచినప్పుడు ఆ వేడుకకు ఈ కార్యక్రమంవాళ్లే వచ్చారు. వారిలో ఒకడైన విలీ రష్టన్ అప్పటికే చనిపోయాడు, ఆయన పేరిట ఆ స్టేషన్‌లో ఒక స్మారక ఫలకం ఉంది.

టీవీకి వస్తే, నా వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ‘వుడ్ ఐ లై టు యూ’. 2007లో మొదలైన ఈ కార్యక్రమంలో లీ మాక్, డేవిడ్ మిచెల్ రెండు జట్లకు నాయకులు, 2009 నుంచి రాబ్ బ్రైడన్ నిర్వాహకుడు. ఒకరు తమ జీవితంలో జరిగిందంటూ ఒక వాక్యం చదువుతారు. అది నిజమో అబద్ధమో ఎదుటి జట్టు ప్రశ్నలు వేసి తేల్చాలి. అంతే ఆట. స్కాట్లండ్ హాస్యగాడు కెవిన్ బ్రిడ్జెస్ ఒకసారి, బల్గేరియాకు విహారయాత్రకు వెళ్లి పొరపాటున ఒక గుర్రాన్ని కొనేశానని చదివాడు. గుర్రాన్ని పొరపాటున కొనడం ఎలా సాధ్యం? ఎంతకు కొన్నావు, ఎక్కడ పెట్టావు, ఎప్పుడు తెలిసింది అని అవతలివాళ్లు లాయర్లలా తవ్వుతూ పోయారు. అతను చెబుతున్న ఒక్కో జవాబుకూ కథ ఇంకా నమ్మశక్యం కాకుండా పోయింది, చెబుతున్నవాడికే నవ్వు ఆగలేదు. చివరికి అది నిజమని తేలింది. బాబ్ మార్టిమర్ మరోసారి ఉత్త చేతులతో ఆపిల్‌ను రెండుగా చీల్చగలనన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆపిల్ తెచ్చి చేతిలో పెడితే అందరి ముందూ చీల్చి చూపించాడు.

ఈ రెండు ఘట్టాలను నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ కళ్లు చెప్పేవాడి మీద కన్నా వినేవాళ్ల ముఖాల మీదికే పోతాయి. మిచెల్ భృకుటి ముడిచి తర్కంతో అడుగుతాడు, మాక్ ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరతాడు, ఇద్దరూ అవతలివాడు అన్న చిట్టచివరి మాటను పట్టుకునే తర్వాతి ప్రశ్న వేస్తారు. ముందే సిద్ధం చేసుకున్న జోకుకు అక్కడ చోటు లేదు, ఎందుకంటే గుర్రం సంగతి ఎటు పోతుందో ముందుగా ఎవరికీ తెలియదు. రేడియోలో మిచెల్ నడిపే ‘ది అన్‌బిలీవబుల్ ట్రూత్’లో ఇదే పని తిరగేసి చేస్తారు. వక్త అబద్ధాల ఉపన్యాసం ఇస్తూ అందులో ఐదు నిజాలను దొంగచాటుగా కలిపేస్తాడు, వినేవాళ్లు వాటిని ఏరాలి. బియ్యంలో రాళ్లు ఏరినంత శ్రద్ధ కావాలి దానికి.

‘క్యూ ఐ’ గురించి మాస్టారుగా నాకు ప్రత్యేకంగా చెప్పాలని ఉంది. జాన్ లాయిడ్ రూపొందించగా 2003లో మొదలైన ఈ కార్యక్రమంలో ఒక్కో సీజన్‌కు ఇంగ్లీషు అక్షరమాలలో ఒక్కో అక్షరం. ‘ఎ’ నుంచి ‘ఎమ్’ దాకా స్టీఫెన్ ఫ్రై, 2016లో ‘ఎన్’ నుంచి శాండీ టాక్స్‌విగ్ నడిపారు. అలన్ డేవిస్ ఆటగాడిగా మొదటి రోజు నుంచీ ఉన్నాడు. అందరూ నిజమనుకునే తప్పు జవాబు చెబితే చెవులు గింగురుమనేలా సైరన్ మోగుతుంది, ఆ జవాబే వెనక తెర మీద పెద్ద అక్షరాలతో మెరుస్తుంది, పాయింట్లు పోతాయి. ఇది పైకి అవమానంలా కనిపిస్తుంది. కానీ ఆ జవాబు తెర మీద ముందే సిద్ధంగా ఉందంటే అర్థమేమిటి? నువ్వు ఇలాగే అంటావని మాకు తెలుసు, మేమూ ఇలాగే అనుకున్నాం అని. తప్పు చెప్పినవాడు ఒంటరి కాడు. ఆ తప్పు దగ్గరే అసలు సంభాషణ మొదలవుతుంది కాబట్టి అతను అందరికీ ఉపకారం చేసినట్టే లెక్క. భూమికి ఎన్ని చందమామలని మొదటి సీజన్‌లో అడిగితే డేవిస్ ఒకటన్నాడు, సైరన్ మోగింది, రెండని ఫ్రై చెప్పాడు. తర్వాతి సీజన్లలో ఆ జవాబును వాళ్లే మళ్లీ మళ్లీ మార్చుకోవాల్సి వచ్చింది. పదేళ్లు నిండిన సందర్భంగా, కాలక్రమంలో తప్పని తేలిన తమ పాత జవాబులకు కోసిన పాయింట్లను పాతవాళ్లకు తిరిగి ఇచ్చేశారు. కోసిన మార్కులను పదేళ్ల తర్వాత తప్పు మాదేనని తిరిగి కలిపిన పరీక్షను నేనైతే మరొకటి చూడలేదు.

ఈ సంప్రదాయానికి మచ్చలు లేవని నేను అనను. ‘మాక్ ద వీక్’ అనే టీవీ కార్యక్రమం బీబీసీలో 2005 నుంచి 2022 దాకా నడిచింది, అందులో నవ్వు పుట్టించే మాటలకు కొదవ లేదు. అయినా మైకు దగ్గరికి ఒకరినొకరు తోసుకున్నట్టు ముందుకొచ్చి తమ వాక్యం తాము చెప్పి వెళ్లే ఆ పద్ధతిలో ఎవరూ ఎవరినీ విన్నట్టు నాకు అనిపించదు. బల్ల చుట్టూ చాలాకాలం మగవాళ్లే కూర్చున్నారు. ఒక్క స్త్రీ అయినా లేకుండా ప్యానెల్ ఉండకూడదని బీబీసీ టెలివిజన్ అధిపతి డానీ కోయెన్ ప్రకటించింది 2014లో, అంటే చాలా ఆలస్యంగా. అయితే జస్ట్ ఎ మినిట్‌లో షీలా హాన్‌కాక్ లాంటి నటి 1960లలోనే మగవాళ్లకు దీటుగా ఆడింది కాబట్టి, స్త్రీలు ఈ ఆటకు తగరన్న వాదన ఏనాడూ నిలిచేది కాదు. పిలవకపోవడమే జరిగింది.

ఇంకా పెద్ద విమర్శ ‘హావ్ ఐ గాట్ న్యూస్ ఫర్ యూ’ మీద ఉంది. 1990 నుంచి నడుస్తున్న ఈ వార్తల క్విజ్‌లో ‘ప్రైవేట్ ఐ’ పత్రిక సంపాదకుడు ఇయన్ హిస్లప్, హాస్యగాడు పాల్ మర్టన్ జట్టు నాయకులు. రాయ్ హాటర్స్లీ అనే లేబర్ పార్టీ నాయకుడు మూడోసారి కూడా రానని కబురు పెట్టడంతో, 1993లో ఆయన కుర్చీ ముందు ఒక పంది కొవ్వు డబ్బా పెట్టి కార్యక్రమం నడిపేశారు. అధికారంలో ఉన్నవారిని అలా ఆటపట్టించడం నాకు నచ్చుతుంది. అయితే వచ్చి కూర్చుని నవ్వించగలిగిన నాయకుడి సంగతేమిటి? బోరిస్ జాన్సన్ 1998లో అతిథిగా వచ్చాడు, తర్వాత కొన్నిసార్లు నిర్వాహకుడి కుర్చీలోనూ కూర్చున్నాడు, 2008లో లండన్ మేయర్, 2019లో ప్రధాని అయ్యాడు. ఆ మెట్లన్నీ ఈ కార్యక్రమమే కట్టిందనడం అతిశయోక్తి. అతని తడబాటే ముచ్చటగా కనిపించేలా చేసిందనడం మాత్రం న్యాయమే. నిలదీయాల్సిన చోట నవ్వుకుని వదిలేస్తే నష్టం చూసేవాళ్లదే. వార్తలతో ఆడే ఆటకు గుర్రాల కథలతో ఆడే ఆట కన్నా ఎక్కువ బాధ్యత ఉంటుంది, అందుకే నా దృష్టిలో దాని స్థానం కొంచెం కింద.

ఇక మన జామ్. బీబీసీ ఈ కార్యక్రమాన్ని 2012లో ముంబయికి తీసుకొచ్చి రెండు భాగాలు ఇక్కడే రికార్డు చేసింది, మన కాలేజీల్లో ఈ ఆటకున్న ఆదరణే అందుకు కారణం. కాలేజీ ఉత్సవాల్లో జామ్ మాస్టరు ఉంటాడు, అభ్యంతరాలుంటాయి, గోల ఉంటుంది. అక్కడ అది ఇంకా ఆటగానే బతికి ఉంది. ఇంటర్వ్యూ గదిలోకి వచ్చేసరికి బజర్ పోయింది, పక్కవాళ్లు పోయారు, నవ్వు పోయింది, మిగిలింది ఒక గడియారం, ఒక విద్యార్థి, తల ఎత్తకుండా టిక్కు పెట్టే ఒక అధికారి. ఆరేళ్ల క్రితం ఒక కంపెనీవారు వచ్చినప్పుడు, ప్రోగ్రామింగ్‌లో క్లాసులో అందరికన్నా ముందుండే మా కాలేజీ అమ్మాయి ఒకతె ‘వాన’ మీద మాట్లాడుతూ ఇరవయ్యో సెకనులో ఆగింది. ఆమెకు మాట అందలేదు. అవతల కూర్చున్నాయన తర్వాతి పేరు పిలిచాడు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న నాకు, ఆ నిమిషానికి ఆ అమ్మాయిని తయారు చేసినవాడిని నేనేనని, నేను కూడా ఆరేళ్ల పాటు అచ్చం అలాగే తర్వాతి పేరు పిలిచానని గుర్తొచ్చింది.

ఆ ఏడాది నుంచి మా ల్యాబులో పద్ధతి మార్చాను. పిల్లలు నలుగురు నలుగురుగా బల్ల చుట్టూ కూర్చుంటారు. మొదటి ఆవృత్తి తెలుగులో, రెండోది ఇంగ్లీషులో. తప్పు పట్టాలంటే చెయ్యెత్తాలి, తప్పు ఏమిటో చెప్పాలి, ఎదుటివాళ్లు దాన్ని కాదనవచ్చు, తీర్పు నాది. మార్కులు మాట్లాడినందుకు సగం, విన్నందుకు సగం. సిలబస్ ప్రకారం వేయాల్సిన మార్కులు ఎలాగూ వేస్తాను.

పోయిన నెలలో వినుకొండ దాటి లోపలికి వెళ్లే ఒక ఊరి అమ్మాయికి ‘మా ఊరి బస్సు’ అని చీటీ వచ్చింది. తెలుగు ఆవృత్తి. బస్సు ఉదయం ఆరింటికి చింతచెట్టు కింద ఆగుతుందని, పాలక్యాన్లు మనుషుల కన్నా ముందు ఎక్కుతాయని, ఫలానా సీటు కింద కోళ్లగంప పెట్టకపోతే వాళ్ల నాయనమ్మ ప్రయాణమే మానుకుంటుందని ఆ పిల్ల చెప్పుకుంటూ పోతోంది. నలభై రెండో సెకనులో ‘కండక్టర్’ అనే మాట రెండోసారి వచ్చింది. ఎదురుగా ఉన్న కుర్రాడి చెయ్యి బల్ల మీద నుంచి లేచింది, నేనూ చూశాను, ఆ అమ్మాయీ చూసింది. అతను ఆ చేతిని మెల్లగా గడ్డం కిందికి తెచ్చి ఆనించుకుని, బస్సు వాగు దగ్గర ఎందుకు ఆగిపోయిందో వినడానికి ముందుకు వంగాడు.